సీసాలోకి దిగిన నేల రుచి: కొప్పళ కొండల్లో ఎర్ర వైన్

ఒకే విత్తనాన్ని రెండు వేర్వేరు నేలల్లో వేస్తే రెండు రుచులు వస్తాయన్న సంగతి మన ప్రాంతపు రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. తాండూరు కందిపప్పు వేరు, కలబురగి కందిపప్పు వేరు అని కిరాణా వ్యాపారులు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ మాటకు చట్టపరమైన గుర్తింపు మాత్రం ఇటీవలే లభించింది. బనగానపల్లె మామిడికి 2017లో, కలబురగి కందికి 2019లో, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పంట పేరుకు ముందు ఊరి పేరు చేరడమే ఆ గుర్తింపు సారాంశం.

ఇదే ఆలోచనను ద్రాక్ష విషయంలో ఐరోపా ఖండంలోని రైతులు కొన్ని శతాబ్దాల క్రితమే అమలు చేశారు. ఫ్రెంచి భాషలో దీనిని 'తెర్వార్' అంటారు. ఒక తోటలోని మట్టి, దాని కింది రాయి, భూమి వాలు, గాలి, వాన, ఎండ, అక్కడి మనుషుల సేద్యపద్ధతి, ఇవన్నీ కలిసి ఆ తోట పండుకు ఇచ్చే ప్రత్యేక లక్షణమే తెర్వార్. దీనికి సరిపోయే ఒక్క మాట మనకు లేకపోయినా, 'నేల గుణం' అంటే చాలావరకు భావం అందుతుంది.

ఈ నేల గుణాన్ని సీసాలోకి ఎక్కించాలన్న ప్రయత్నం ఎక్కడో కాదు, మన పక్కనే ఉన్న కొప్పళ జిల్లాలో జరుగుతున్నది. కొప్పళ, కుష్టగి, గంగావతి, యెలబుర్గా తాలూకాలు 1997 వరకు మన రాయచూరు జిల్లాలోనివే. ఆ తరువాతనే అవి ప్రత్యేక జిల్లాగా ఏర్పడ్డాయి. కనుక ఈ కథ మట్మారి పాఠకులకు పరాయిది కాదు. పైగా ఆ తోట వేసినవారు తెలుగువారు.

తోట, తోటవారు

హైదరాబాదులోని గ్రాన్యూల్స్ ఇండియా అనే ఔషధ సంస్థను నెలకొల్పిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన సతీమణి ఉమ కలిసి కొప్పళ జిల్లాలో 'క్రిస్మా ఎస్టేట్స్' పేరుతో ద్రాక్షతోటను, దానికి అనుబంధంగా వైన్ తయారీశాలను ఏర్పాటు చేశారు. కృష్ణ, ఉమ అనే రెండు పేర్ల కలయికే ఈ పేరు. తమ తోట ఉన్న ప్రాంతాన్ని సీసాల మీద 'హంపీ హిల్స్' అని పేర్కొంటారు. కాబెర్నే సావిన్యోన్, సాంజొవేజే, సిరా అనే ఎర్ర వైన్ రకాలు, సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల రకం ఈ తోటకు గుర్తింపు తెచ్చాయి.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. దేశంలోని పెద్ద వైన్ సంస్థలు అనేకమంది రైతుల వద్ద ద్రాక్ష కొని, అన్నింటినీ కలిపి వైన్ తయారుచేస్తాయి. అది తప్పు కాదు. ఏటా ఒకే రుచి, ఒకే ధర రావాలంటే కలపక తప్పదు. కానీ క్రిస్మా వంటి చిన్న తయారీశాల తన తోటలో పండిన ద్రాక్షతోనే తన వైన్ చేస్తుంది. అందువల్ల ఆ ఏడు వానలు ఎక్కువైనా, ఎండ ముదిరినా దాని ఫలితం వైన్‌లో కనిపించి తీరుతుంది. దాచడానికి మరో ఊరి పండు ఉండదు.

కొప్పళ సీమకు ద్రాక్ష కొత్త పంట కూడా కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి అంగళ్లలో ద్రాక్షపండ్లు చవకగా అమ్మేవారని రాశాడు. నేడు కర్ణాటకలో ద్రాక్షకు పెట్టింది పేరు విజయపుర జిల్లా. అక్కడి పంటలో పెద్దభాగం ఎండుద్రాక్షగా మారుతుంది. అయితే తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. ఆ తేడా తెలిస్తేనే నేల ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది.

చిన్న పండు, మందమైన తొక్క

మనం బజారులో కొనే థామ్సన్ రకం ద్రాక్ష పొడవుగా, గింజ లేకుండా, పలుచని తొక్కతో, నీటితో నిండి ఉంటుంది. వైన్ ద్రాక్ష ఇందుకు పూర్తిగా భిన్నం. కాబెర్నే పండు బఠాణీ గింజకన్నా కాస్త పెద్దది. తొక్క మందం, లోపల గింజలు, గుజ్జు తక్కువ. తినడానికి కూర్చుంటే విసుగు పుట్టించే పండు అది. అయినా ఎర్ర వైన్‌కు కావలసినదంతా అందులోనే ఉన్నది. చాలా నల్లద్రాక్షల రసం కూడా దాదాపు రంగులేనిదే. వైన్ ఎరుపు తొక్కలోనుంచే వస్తుంది. నేరేడుపండు తిన్నప్పుడు నాలుకను పట్టేసే వగరు వంటి వగరు కూడా తొక్క, గింజలనుంచే వస్తుంది. దానిని 'టానిన్' అంటారు. పండు చిన్నదైనకొద్దీ రసంతో పోలిస్తే తొక్క పాలు పెరుగుతుంది. అంటే రంగు, వగరు, పరిమళం పెరుగుతాయి.

తినే ద్రాక్ష పండించే రైతు ఎకరానికి పది టన్నులకు పైగా దిగుబడి ఆశిస్తాడు. మేలైన ఎర్ర వైన్ కోరేవారు మూడు నాలుగు టన్నుల వద్దే ఆగుతారు. అదనపు గుత్తులను పచ్చిగా ఉండగానే కోసి నేలపాలు చేస్తారు. కాసిన కాయను చేజేతులా కోసి పారేయడం మన రైతుకు మనసొప్పని పని. కానీ తీగ తన శక్తిని తక్కువ గుత్తులకు పంచినప్పుడే పండు పూర్తిగా పక్వానికి వస్తుందన్నది ఈ సేద్యంలోని తొలిపాఠం.

రాతినేల చేసే మేలు

మన జిల్లాలో రెండు రకాల నేలలు ప్రధానం. తెలుగువారు రేగడి అనేదాన్ని కన్నడిగులు ఎరె అంటారు. తెలుగువారు ఎర్రచెలక అనేదాన్ని ఇక్కడి కన్నడంలో మసారి అంటారు. రేగడికి నీటిని పట్టి ఉంచే గుణం ఎక్కువ. పత్తికి, జొన్నకు, శనగకు అది వరం. ఎర్రనేల వాన వెలిసిన కొద్దిసేపటికే ఆరిపోతుంది. అందులో రాళ్లు, గరుసు ఎక్కువ. అందుకే దాని ధర ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే.

వైన్ ద్రాక్షకు ఈ లెక్క తలకిందులవుతుంది. నీరు, సారం సమృద్ధిగా దొరికిన తీగ ఆకులు, కొమ్మలు పెంచుకోవడంలో మునిగిపోతుంది. పండ్లు ఉబ్బి పలచబడతాయి. గుబురుగా పెరిగిన ఆకుల నీడలో గుత్తులకు బూజు తెగులు సోకుతుంది. నీరు నిలవని నేలలో తీగ వేళ్లను లోతుకు పంపుతుంది. ఆకుల పెరుగుదల సకాలంలో ఆగిపోతుంది. అప్పుడు తీగ తన చక్కెరను పండుకు మళ్లిస్తుంది. రాయచూరు, కొప్పళ ప్రాంతాల కింద ఉన్న కణశిల దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్రమట్టి సరిగ్గా ఇటువంటి నేల. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో, బిందుసేద్యంతో నీటిని కొలిచి ఇవ్వగలిగితే తీగను అదుపులో పెట్టవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. రాతినేల వైన్‌లో రాతి రుచి ఉంటుందని, ఇనుమున్న నేల వైన్‌లో ఇనుము రుచి తగులుతుందని కొందరు వర్ణిస్తుంటారు. వేళ్లు రాతిని పీల్చుకోవు. నీటిలో కరిగిన లవణాలను అతి స్వల్పంగా మాత్రమే తీసుకుంటాయి. ఆ పరిమాణాన్ని నాలుక పసిగట్టలేదు. నేల ప్రభావం నిజమే కానీ అది పరోక్షమైనది. నీరు ఎంతసేపు నిలుస్తుంది, మట్టి ఎంత త్వరగా వేడెక్కుతుంది, వేరు ఎంత లోతుకు పోతుంది, ఇవే పండు స్వభావాన్ని తీర్చిదిద్దుతాయి. నేల గుణం మంత్రం కాదు, లెక్క.

ఎండతో పోటీ

ఐరోపాలో చలికాలమంతా ద్రాక్షతీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో చిగురించి, వాతావరణం చల్లబడుతున్న సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పండుతుంది. మన దేశపు దక్షిణభాగంలో తీగకు నిద్ర లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దానికి కాలం నేర్పుతాడు. మహారాష్ట్ర రైతులు దీనినే ఛాటణీ అంటారు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మల కోసం. సెప్టెంబరు, అక్టోబరు కత్తిరింపు పండు కోసం. పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికి వస్తుంది.

అంటే ఐరోపాలో పండు చలివైపు నడుస్తూ పండుతుంది, మన వద్ద ఎండవైపు నడుస్తూ పండుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఎండ పెరిగేకొద్దీ పండులో చక్కెర పెరుగుతుంది, పులుపు తరుగుతుంది. ముఖ్యంగా మాలిక్ ఆమ్లం వేడికి త్వరగా ఖర్చయిపోతుంది. కానీ తొక్కలోని వగరు మెత్తబడటానికి, పరిమళం రావటానికి ఇంకా సమయం కావాలి. త్వరపడి కోస్తే వగరు పచ్చిగా ఉంటుంది. ఆలస్యం చేస్తే పులుపు పోయి వైన్ చప్పబడుతుంది. రెంటికీ మధ్యనున్న నాలుగైదు రోజులను పట్టుకోవడమే తోటమాలి నేర్పు.

ఈ పోటీలో ఎత్తు కొంత సాయం చేస్తుంది. రాయచూరు పట్టణం సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున ఉంటే, కొప్పళ ప్రాంతపు మెట్టభూములు, గుట్టలు అంతకన్నా ఎత్తున ఉన్నాయి. ప్రతి వంద మీటర్లకు ఉష్ణోగ్రత అర డిగ్రీకి పైగా తగ్గుతుంది. కొండవాలున గాలి ఆడితే ఆకుల మీద తేమ నిలవదు, తెగులు తగ్గుతుంది. రాత్రి చల్లబడితే పండులోని పులుపు కొంత మిగులుతుంది. ఒకే తోటలో వాలు పైభాగాన ఉన్న మడికి, దిగువన ఉన్న మడికి పక్వకాలంలో రోజుల తేడా ఉంటుంది. నేల గుణాన్ని నమ్మేవారు ఆ మడులను విడివిడిగా కోసి, విడివిడిగా పులియబెడతారు.

ఎన్నుకున్న రకం కూడా ముఖ్యమే. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతానికి చెందిన కాబెర్నే సరిగా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వేస్తుంది. ఎండ పుష్కలంగా ఉన్న మన ప్రాంతంలో ఆ భయం తక్కువ. ఇటలీలోని టస్కనీ రకమైన సాంజొవేజే స్వభావసిద్ధంగా పులుపు ఎక్కువ గలది. వేడిసీమలో అదే దాని బలం. సిరా రకంలో వచ్చే మిరియాల వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గుర్తించినట్లు 2008లో వెల్లడైంది. మన వంటింటి మిరియాల్లో ఉండేదీ అదే పదార్థం.

పండు వైన్‌గా మారే విధం

కోసిన గుత్తులను ఎండ ముదరకముందే తయారీశాలకు చేర్చి, కాడలు తీసి, పండ్లను చిట్లిస్తారు. తొక్క, గింజ, రసం అన్నీ కలిపి తొట్టిలో ఉంచితే ఈస్ట్ రసంలోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. పులిసేటప్పుడు పుట్టే వాయువు తొక్కలను పైకి నెట్టి తెట్టులా కడుతుంది. దానిని రోజుకు రెండు మూడుసార్లు కిందికి అదమాలి, లేదా అడుగున ఉన్న రసాన్ని పైనుంచి పోయాలి. అలా చేస్తేనే రంగు, వగరు రసంలోకి దిగుతాయి. ఇది వారం నుంచి మూడు వారాల వరకు సాగుతుంది. తరువాత తొక్కలను పిండి వేరుచేస్తారు. ఆపైన బాక్టీరియా సాయంతో జరిగే రెండవ మార్పులో పదునైన మాలిక్ ఆమ్లం మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పెరుగులో పులుపునిచ్చే ఆమ్లం ఇదే.

చివరగా ఓక్ చెక్క పీపాల్లో కొన్ని నెలలు నిలవ ఉంచుతారు. ఫ్రాన్సులో వాడుకలో ఉన్న పీపా 225 లీటర్లది. చెక్క గుండా అతి సన్నగా సోకే గాలి వగరును మెత్తబరుస్తుంది. కొత్తచెక్క తన సొంత వాసననూ ఇస్తుంది.

నేల గుణం ఎన్నో శ్రమలకోర్చి తయారీశాల గుమ్మం దాకా వచ్చినా, లోపల దానిని చెరిపివేయడం చాలా సులభం. కొత్త ఓక్ వాసన మితిమీరితే ఏ ఊరి వైన్ అయినా ఒకేలా ఉంటుంది. పండును మరీ మాగబెట్టినా, తియ్యదనం మిగిల్చినా, వేరే తోట రసం కలిపినా అంతే. మసాలా ఎక్కువైన కూరలో వంకాయ ఏ ఊరిదో ఎవరు చెప్పగలరు? కనుక తోటను చూపించే వైన్ చేయడమంటే ఏదో అదనంగా చేయడం కాదు. చేయగలిగిన వాటిలో చాలావాటిని మానుకోవడం.

పేరు నిలబెట్టుకోవడానికి పట్టే కాలం

ఫ్రాన్సులోని బర్గండీలో మధ్యయుగపు క్రైస్తవ సన్యాసులు ఏ మడి పండు ఎలా ఉన్నదో శ్రద్ధగా గమనిస్తూ వచ్చారు. అలా ఏర్పడిన హద్దులతో అక్కడ నేడు 1,247 మడులు వేర్వేరు పేర్లతో గుర్తింపు పొందాయి. యునెస్కో 2015లో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. కొన్నిచోట్ల పక్కపక్కన ఉన్న రెండు మడుల మధ్య ఒక బండి బాట మాత్రమే అడ్డం. కానీ సీసా ధరలో ఎన్నోరెట్ల తేడా. దాని వెనుక ఉన్నది శతాబ్దాల పరిశీలన.

మనదేశంలో ఈ కథ వయసు నాలుగు దశాబ్దాలు దాటలేదు. కన్వల్ గ్రోవర్ బెంగళూరు సమీపంలోని నంది కొండల వద్ద 1988లో సంస్థను నెలకొల్పి ఫ్రెంచి రకాలతో వైన్‌కు బాట వేశారు. నాసిక్‌లో సూలా సంస్థ 1990ల చివర మొదలైంది. కర్ణాటక ప్రభుత్వం 2007లో ద్రాక్ష వైన్ విధానాన్ని ప్రకటించి, వైన్ బోర్డును ఏర్పాటు చేసింది. కొప్పళ కొండల తోట వీటి తరువాతది. బర్గండీ సన్యాసుల లెక్కలో ఇది ఇంకా పలక పట్టిన దశ మాత్రమే. హంపీ హిల్స్ అన్న పేరు ఒక ముద్రగా మిగులుతుందా, నిజంగా ఒక రుచికి గుర్తుగా నిలుస్తుందా అన్నది ఇంకో రెండు మూడు తరాల పంటలు చెప్పవలసిన సంగతి.

రైతుకు ఏమి మిగులుతుంది?

ఇంతవరకు చదివిన పాఠకుడికి రెండు సందేహాలు రావడం సహజం.

మొదటిది, మద్యం గురించి ఉపాధ్యాయుడు రాయడమేమిటన్నది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారాపై ఎందుకు తిరగబడ్డారో, కర్ణాటకలో 2007లో సారాయిని ఎందుకు నిషేధించారో సరిహద్దు పల్లెల్లో బతికేవారికి వివరించనక్కరలేదు. తెలుగు పట్టణాల్లో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణంలో అమ్ముడుపోయేది చాలావరకు విస్కీ, బ్రాందీలే. ద్రాక్ష వైన్‌లోనూ 13, 14 శాతం ఆల్కహాలు ఉంటుంది. అది ఆరోగ్యపానీయమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఈ వ్యాసం తాగమని చెప్పడానికి కాదు. ఒక నేల తన విలువను ఎలా నిరూపించుకుంటుందో చెప్పడానికి.

రెండవది, పారిశ్రామికవేత్తకు సాధ్యమైనది సామాన్య రైతుకు సాధ్యమా అన్నది. ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. ద్రాక్షతోటకు పందిరి, బిందుసేద్యం, వేరుమూలంపై అంటుకట్టిన మొక్కలు కావాలి. మొదటి మంచిపంటకు మూడేళ్లు ఆగాలి. వైన్ పీపాల్లో, సీసాల్లో మరికొంత కాలం డబ్బు నిద్రపోతుంది. 2008 తరువాత వైన్ గిరాకీ పడిపోయినప్పుడు మహారాష్ట్రలో ఎందరో రైతులు ఎంతో ఆశతో వేసిన వైన్ ద్రాక్షను పీకివేశారు. తినే ద్రాక్షకు ఒక బజారు కాకుంటే ఇంకొక బజారు ఉంటుంది, లేదంటే ఎండబెట్టుకోవచ్చు. వైన్ ద్రాక్షను కొనేది తయారీశాల ఒక్కటే. ఆ తలుపు మూసుకుంటే రైతుకు మరో దారి లేదు. ఒప్పందంపై సంతకం చేసేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరోవైపు దిగుమతుల ఒత్తిడి పెరుగుతున్నది. చాలాకాలం విదేశీ వైన్లపై 150 శాతం సుంకం మన తయారీదారులకు గోడలా నిలిచింది. 2022లో అమలులోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్లపై సుంకం అంచెలంచెలుగా తగ్గుతున్నది. గోడ తగ్గేకొద్దీ చవకరకం దేశీయ వైన్‌కు పోటీ తప్పదు. మరోచోట దొరకని రుచి ఉన్న వైన్‌కు మాత్రమే నిలబడే అవకాశం ఎక్కువ. నేల గుణం ఇక్కడ కేవలం రసికుల ముచ్చట కాదు, బతుకుతెరువు.

పాఠం వైన్‌కే పరిమితం కాదు. మన ఎర్రచెలకల్లో పండే కంది, వేరుశనగ, మిరప అన్నీ మార్కెట్ యార్డులో ఒకే కుప్పలో కలిసిపోతున్నాయి. ఏ గుట్టవాలున పండిన కాయకు రంగు ఎక్కువ, ఏ మడి పప్పు త్వరగా ఉడుకుతుంది అన్నది పెద్దల నోట ఉన్నదే కానీ ఎక్కడా రాసి లేదు. కొప్పళ తోటలో చేస్తున్న పనిలో డబ్బు అక్కరలేని భాగం ఒకటున్నది. మడిని మడిగా చూడటం, కోసిన తేదీ, కురిసిన వాన, వచ్చిన దిగుబడి, తగిలిన రుచి ఏటికేడు రాసిపెట్టుకోవడం. వ్యవసాయ విశ్వవిద్యాలయం రాయచూరులోనే ఉన్నది. బడి పిల్లలు కూడా తమ ఊరి నేలల పటం గీయగలరు. కలిసిపోయిన కుప్పనుంచి ఊరి పేరును వెనక్కి తెచ్చుకోవాలంటే ముందు ఒక నోటుపుస్తకం కావాలి. భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు అధికారులు అడిగేది కూడా అటువంటి ఆధారాలనే.